స్టాప్ బోర్డు దగ్గర సైకిల్ ఆపి తీరాలా?

ప్రశ్న: నేను తెనాలి దగ్గర ఒక పల్లెలో పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాను. వయసు 67. సర్వీసంతా సైకిల్ మీదే గడిచింది. ఇప్పుడు విజిటర్ వీసా మీద వాషింగ్టన్ రాష్ట్రం రెడ్‌మండ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. పొద్దున్నే అల్లుడి సైకిల్ తీసుకుని కాలనీలో ఒక చుట్టు తిరిగొస్తుంటాను. పోయిన వారం ఒక స్టాప్ బోర్డు దగ్గర అన్ని వైపులా చూశాను, ఒక్క కారూ లేదు. ఆగకుండానే కుడివైపు తిరిగాను. ఆ మూల మీద చంటిబిడ్డ బండి తోసుకుంటూ ఒకావిడ అప్పుడే రోడ్డు మీదకు దిగింది. గట్టిగా అరిచింది. ఇంటికొచ్చి చెబితే అమ్మాయి "నాన్నా, ఇక్కడ స్టాప్ అంటే స్టాపే. పోలీసులు పట్టుకుంటే అందరికీ ఇబ్బంది" అని సైకిల్ తాళం దాచేసింది. రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లే పక్కింటాయన మాత్రం, సైకిళ్లు ఆగక్కర్లేదని చట్టమే చెబుతోందన్నాడు. ఎవరి మాట నిజం? ఎర్ర లైటు దగ్గర కూడా అంతేనా? ఒకసారి ఎంతసేపు నిలబడ్డా పచ్చ లైటు రాలేదు. తొమ్మిదేళ్ల మనవడు నాతో పాటు వస్తానంటున్నాడు. త్వరలో అమ్మాయి వాళ్లు కాలిఫోర్నియాలో శాన్‌హోసేకు మారుతున్నారు. అక్కడా ఇదే పద్ధతా?
— ఒక పాఠకుడు, రెడ్‌మండ్

సమాధానం:

అయ్యా, నమస్కారం. మీ పక్కింటాయన చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పాడు. మీ అమ్మాయి మాట కార్లకు అక్షరాలా వర్తిస్తుంది. సైకిళ్లకు కూడా ఆ రాష్ట్రంలో 2020 దాకా అదే పద్ధతి. డ్రైవింగ్ లైసెన్సు కోసం చదువుకున్నవాళ్ల మనసులో పాత రూలే నిలిచిపోవడం సహజం.

2020 అక్టోబరు 1 నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో సైకిల్ తొక్కేవాళ్లు స్టాప్ బోర్డును యీల్డ్ బోర్డులా చూసుకోవచ్చు. మీరు చూసే ఉంటారు, తలకిందులుగా పెట్టిన త్రికోణం, చుట్టూ ఎర్ర అంచు. అది కనబడితే వేగం తగ్గించాలి, చూడాలి, ఎవరైనా ఉంటే ఆగి వాళ్లను పోనివ్వాలి, ఎవరూ లేకపోతే కాలు కింద పెట్టకుండానే సాగిపోవచ్చు. సైకిలిస్టుకు చట్టం రెండు దారులూ తెరిచి ఉంచింది. పూర్తిగా ఆగి వెళ్లినా తప్పు లేదు, నెమ్మదించి వెళ్లినా తప్పు లేదు. అక్కడ దీన్ని 'సేఫ్టీ స్టాప్' అంటారు.

పక్కింటాయన చెప్పని సగం ఏమిటంటే, ఈ వెసులుబాటు కూడలిలో ఇంకెవరూ లేనప్పుడే పనికొస్తుంది. ఇంకెవరూ అంటే కార్లు మాత్రమే కాదు. మీ ఉత్తరంలో "ఒక్క కారూ లేదు" అని రాశారు. కార్ల కోసం చూశారు, మనుషుల కోసం చూడలేదు. ఆవిడ అరవడంలో న్యాయం ఉందండీ. వాషింగ్టన్ చట్టం ప్రకారం రెండు రోడ్లు కలిసే ప్రతిచోటా నడిచేవాళ్లు దాటే దారి ఉన్నట్టే లెక్క. తెల్ల గీతలు ఉన్నా లేకపోయినా సరే. ఆ దారిలోకి మనిషి అడుగు పెడితే కారైనా సైకిలైనా ఆగి, దాటేదాకా ఆగే ఉండాలి. చంటిబిడ్డ బండి రోడ్డు మీదకు దిగిన క్షణాన మీకు ఉన్న వెసులుబాటు పోయింది. ఆ రోజు మీరు స్టాప్ బోర్డు దాటినందుకు తప్పు పట్టక్కర్లేదు గానీ, ఆవిడకు దారి ఇవ్వకపోవడం తప్పే.

ఇది కటువుగా అనిపిస్తే మన్నించండి. బిడ్డ బండి తోసుకుంటూ రోడ్డు దాటే తల్లికి, తన వైపు తిరిగే సైకిల్ మీది మనిషి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడో, నిన్న నేర్చుకున్నవాడో తెలిసే వీలు లేదు. పైగా సైకిల్ చప్పుడు చెయ్యదు. కారైతే ఇంజను చప్పుడో టైర్ల చప్పుడో వినబడుతుంది, సైకిల్ దగ్గరికి వచ్చేదాకా తెలియదు. అందుకే నడిచేవాళ్ల విషయంలో సైకిలిస్టు మీద బాధ్యత ఎక్కువ.

చట్టంలో ఇంకో మెలిక ఉంది. అది మీరు తప్పక గుర్తుంచుకోవాలి. యీల్డ్ బోర్డు దగ్గర ఆగకుండా కూడలిలోకి వెళ్లి, అక్కడ ఇంకో వాహనంతో గుద్దుకుంటే, ఆ గుద్దుకోవడమే మీరు దారి ఇవ్వలేదనడానికి ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. అవతలివాడు వేగంగా వచ్చాడని నిరూపించుకోవాల్సిన బరువు అప్పుడు మీ మీద పడుతుంది. అంటే ఆగకుండా వెళ్లే స్వేచ్ఛతో పాటు లెక్క తప్పితే దాని ఫలితమూ మీదే. పూర్తిగా ఆగి బయల్దేరినవాడికి ఈ చిక్కు అంతగా ఉండదు.

మరి ఇలాంటి చట్టం ఎందుకు తెచ్చారని మీ అమ్మాయి అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఇది మొదలైంది పక్కనున్న ఐడహో రాష్ట్రంలో, 1982లో. అప్పట్లో ఆ రాష్ట్ర కోర్టుల పరిపాలన చూసిన కార్ల్ బియాంకి అనే అధికారి ట్రాఫిక్ చట్టాలను తిరగరాయించే పనిలో ఉన్నాడు. చిన్నాచితకా ట్రాఫిక్ కేసులతో కోర్టులు నిండిపోతున్నాయి. ఎవరికీ అపాయం లేకుండా ఖాళీ కూడలిలో నెమ్మదిగా సాగిపోయిన సైకిలిస్టును జడ్జి ముందు నిలబెట్టడం వల్ల ఎవరికీ మేలు లేదనిపించి, సైకిళ్లకు స్టాప్‌ను యీల్డ్‌గా మార్చే మాట ఆ సవరణల్లో చేరింది. ఎర్ర లైటు విషయంలో కూడా ఐడహో ముందుకు వెళ్లింది. అక్కడ సైకిలిస్టు ఎర్ర లైటు దగ్గర పూర్తిగా ఆగి, దారి ఖాళీగా ఉంటే పచ్చ లైటు రాకముందే వెళ్లవచ్చు. దేశమంతా దీన్ని 'ఐడహో స్టాప్' అని పిలవడం అలా అలవాటైంది.

ఆ తర్వాత 35 ఏళ్ల పాటు ఇంకే రాష్ట్రమూ రాష్ట్రమంతటికీ వర్తించేలా దాన్ని తీసుకోలేదు. 2017లో డెలావేర్ తీసుకుంది. ఆ పైన ఆర్కాన్సా, ఒరెగాన్, వాషింగ్టన్, యూటా, నార్త్ డకోటా, ఓక్లహోమా, కొలరాడో, మిన్నసోటా వరసగా వచ్చాయి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. డెలావేర్‌లో రెండు లేన్ల చిన్న రోడ్ల మీదే ఈ వెసులుబాటు, అంతకన్నా వెడల్పు రోడ్డు దగ్గర ఆగాలి.

ఇక ప్రమాదాలు పెరగలేదా అంటే, తెలిసిన లెక్కలు పెరగలేదనే చెబుతున్నాయి. ఐడహోలో చట్టం వచ్చిన మరుసటి ఏడాది సైకిలిస్టుల గాయాలు 14.5 శాతం తగ్గాయని 2010లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జేసన్ మెగ్స్ తేల్చాడు. డెలావేర్‌లో చట్టానికి ముందు 30 నెలలు, తర్వాత 30 నెలలు పోల్చి చూస్తే స్టాప్ బోర్డులున్న కూడళ్లలో సైకిల్ ప్రమాదాలు 23 శాతం తగ్గాయి. చట్టం ఒక్కటే దీనికి కారణమని నేను అనను, కానీ జనం భయపడినట్టు కూడళ్లు రక్తసిక్తం కాలేదన్నది మాత్రం ఖాయం.

సైకిల్ మీద జీవితం గడిపిన మీకు దీని వెనక కారణం ఎవరూ చెప్పక్కర్లేదు. ఆగిన సైకిల్‌ను మళ్లీ కదిలించడంలోనే ఒళ్లు అలిసేది. ఉత్తరాల సంచి బరువుతో ఇంటింటికీ ఆగి ఎక్కిన మోకాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. బర్కిలీలో భౌతికశాస్త్రం చెప్పే జోయల్ ఫాజన్స్, మెలనీ కర్రీతో కలిసి 2001లో దీన్ని లెక్కగట్టాడు. మామూలు బరువున్న మనిషి 100 వాట్ల శక్తితో తొక్కుతున్నాడనుకోండి. ప్రతి 300 అడుగులకు ఒక స్టాప్ బోర్డు ఉన్న వీధిలో అన్నిచోట్లా పూర్తిగా ఆగితే అతని సగటు వేగం దాదాపు 40 శాతం పడిపోతుంది. పోయిన వేగాన్ని పూడ్చుకోవాలంటే దాదాపు 500 వాట్లు పెట్టాలి, అది పందేలకు తొక్కేవాళ్ల పని. కారు నడిపేవాడికి ఈ కష్టం పాదం కింద పెడల్ నొక్కినంతలో తీరిపోతుంది. ఆపైన సైకిల్ ఆగిపోయి మళ్లీ బయల్దేరే ఆ రెండు మూడు క్షణాల్లో అటూ ఇటూ ఊగుతుంది, కూడలి మధ్యలో ఎక్కువసేపు ఉండిపోతుంది. కదిలే సైకిల్ నిటారుగా ఉంటుంది, త్వరగా దాటేస్తుంది. కాబట్టి ఈ చట్టం బద్ధకస్తుల కోసం చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు మీ సైకిల్ సంగతికి వస్తాను. చట్టం కన్నా నాకు దీని మీదే ఎక్కువ బెంగ. అల్లుడుగారి సైకిల్‌కు రెండు చేతి బ్రేకులు ఉండే ఉంటాయి. అమెరికాలో అమ్మే సైకిళ్లలో మామూలుగా ఎడమ చేతి బ్రేకు ముందు చక్రానిది, కుడి చేతిది వెనక చక్రానిది. మన దగ్గర చాలా సైకిళ్లకు ఇది తిరగబడి ఉంటుంది. సర్వీసంతా కుదిరిన అలవాటు మీ వేళ్లలో ఉంది. కంగారులో వెనక బ్రేకు అనుకుని ఎడమ చెయ్యి గట్టిగా నొక్కితే ముందు చక్రం బిగుసుకుపోతుంది, మనిషి హ్యాండిల్ మీంచి పడతాడు. ఇంటి ముందు దిగి, సైకిల్‌ను చేత్తో నడిపిస్తూ ఒక్కో బ్రేకూ విడిగా నొక్కి ఏ చక్రం ఆగుతోందో కళ్లారా చూసుకోండి. తర్వాత ఖాళీ పార్కింగ్ స్థలంలో నాలుగైదు రోజులు మొదట కుడి చేతి బ్రేకు, వెంటనే ఎడమ చేతిది మెల్లగా, ఇలా రెండూ కలిపి నొక్కడం అలవాటు చేసుకోండి. అది ఒళ్లు పట్టాకే వీధి ఎక్కండి.

రెండోది చూపు. మన దేశంలో ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి రోడ్డు ఎక్కే ముందు మొదట కుడివైపు చూస్తాం, దగ్గరి లేన్‌లో వచ్చే బండి అటునుంచే వస్తుంది. అమెరికాలో కుడి పక్కన నడుస్తారు, అందుకని మీకు ముందుగా తగిలే బండి ఎడమ నుంచి వస్తుంది. బోర్డు ఇంకా రెండు మూడు ఇళ్ల దూరంలో ఉండగానే తొక్కడం ఆపండి, వేళ్లు బ్రేకుల మీద పెట్టండి, మనిషి నడిచే వేగానికి రండి. మొదట ఎడమ, తర్వాత ఎదురు, తర్వాత కుడి, మళ్లీ ఒకసారి ఎడమ. నాలుగు మూలల్లో ఫుట్‌పాత్‌ల మీద ఎవరైనా ఉన్నారా అని విడిగా ఒక చూపు. చెట్లో, కంచెలో, ఆగి ఉన్న వ్యానో అడ్డమై ఏదైనా ఒక వైపు కనబడకపోతే ఆలోచించకండి, ఆగి కాలు కింద పెట్టండి. కనబడని వైపు ఖాళీగా ఉందని ఊహించుకునే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. కుడివైపు తిరిగేటప్పుడు మరీ జాగ్రత్త. చూపంతా ఎడమ నుంచి వచ్చే బండ్ల మీదే ఉంటుంది, కుడి మూల మీద దాటేవాళ్లు ఆ చూపులో పడరు. మీకు జరిగింది సరిగ్గా అదే.

నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో వరస ఉంటుంది. ముందు వచ్చినవాళ్లు ముందు వెళ్తారు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపున్నవాళ్లకు దారి ఇస్తారు. కారు అక్కడికి మీకన్నా ముందు వచ్చి ఆగి ఉంటే వరస దానిదే, మీరు ఆగాలి. సేఫ్టీ స్టాప్ మీకు వరస దాటే హక్కు ఇవ్వదు. ఇంకో చిక్కు ఏమిటంటే, అక్కడి డ్రైవర్లు చాలామంది సైకిల్ కనబడగానే మర్యాదకు చెయ్యి ఊపి పొమ్మంటారు. ఆ చెయ్యి తన ఒక్క కారు తరఫునే ఊగుతోంది. పక్క లేన్‌లో వచ్చేవాడికీ, ఎదురుగా ఎడమకు తిరిగేవాడికీ అది తెలియదు. చెయ్యి ఊపినా మళ్లీ అన్ని వైపులా చూసుకునే కదలండి. నమ్మకం కుదరకపోతే కాలు కింద పెట్టి, మీరే చేత్తో అతన్ని పొమ్మనండి. ఎవరూ నొచ్చుకోరు.

ఈ సేఫ్టీ స్టాప్ వర్తించని చోట్లు రెండు ఉన్నాయి. పసుపు రంగు స్కూల్ బస్సు ఆగి, పక్కనుంచి చిన్న స్టాప్ బోర్డు బయటికి చాచి ఎర్ర లైట్లు వెలిగిస్తే సైకిల్ కూడా పూర్తిగా ఆగాలి, ఆ బోర్డు లోపలికి వెళ్లేదాకా కదలకూడదు. రైళ్లు తిరిగే పట్టాలు దాటేచోట ఉన్న స్టాప్ బోర్డు దగ్గరా అంతే.

ఎర్ర లైటు మాట వేరు. వాషింగ్టన్‌లో ఎర్ర లైటు దగ్గర సైకిలిస్టు ఆగాల్సిందే, ఐడహో వెసులుబాటు అక్కడ లేదు. ఆగాక కుడికి తిరగవచ్చు, తిరగొద్దని బోర్డు లేకపోతే. మీకు పచ్చ లైటు రాకపోవడానికి కారణం బహుశా రోడ్డు కింద ఉంది. చాలా సిగ్నళ్ల దగ్గర తారు కోసి అడుగున తీగ చుట్టలు పాతిపెడతారు. పైన కారు నిలిస్తే దాని లోహాన్ని పసిగట్టి సిగ్నల్ మారుతుంది. సైకిల్‌లో లోహం తక్కువ, పైగా మీరు అంచున నిలబడి ఉంటారు. తారు మీద కోత గీతలు సన్నగా చతురస్రంలానో గుండ్రంగానో కనబడతాయి. వాటి మధ్యలో కాకుండా గీత మీదే చక్రాలు పెట్టి నిలబడండి. కొన్నిచోట్ల సైకిల్ బొమ్మ వేసి ఉంటుంది, అక్కడే ఆగాలి. అయినా సిగ్నల్ మిమ్మల్ని గుర్తించకపోతే చట్టం దారి చూపింది. ఒక పూర్తి చుట్టు తిరిగినా మీ వైపు పచ్చ రాకపోతే, దారి ఖాళీ అని చూసుకుని జాగ్రత్తగా దాటవచ్చు. మీ వయసుకు నేను ఇచ్చే సలహా మాత్రం అది కూడా కాదు. సైకిల్ దిగి ఫుట్‌పాత్ ఎక్కండి, స్తంభానికి ఉన్న బటన్ నొక్కండి, నడిచే మనిషి బొమ్మ వెలిగాక సైకిల్ నడిపించుకుంటూ దాటండి.

మనవడి సంగతి. వాషింగ్టన్ చట్టం వయసు అడగదు, తొమ్మిదేళ్ల పిల్లవాడికీ సేఫ్టీ స్టాప్ వర్తిస్తుంది. కానీ వాడికి నేర్పకండి, దయచేసి. కొలరాడో చట్టం 15 ఏళ్లు నిండనివాళ్లకు పెద్దవాళ్లు వెంట ఉంటేనే దీన్ని ఒప్పుకుంటుంది, ఆ జాగ్రత్తలో అర్థముంది. వచ్చే కారు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది, తాను దాటడానికి ఎంతసేపు పడుతుంది అన్న మూడు లెక్కలూ ఒకేసారి వెయ్యడం ఆ వయసుకు పట్టుబడదు. పిల్లవాడు మీ వెనక వస్తుంటే ఇంకో ప్రమాదం కూడా ఉంది. మీరు దారి ఖాళీగా చూసుకుని సాగిపోతారు, పది అడుగుల వెనకున్న వాడు మిమ్మల్ని చూసి కూడలిలోకి వచ్చేస్తాడు, ఈలోపు కారు వచ్చేస్తుంది. మీ చూపు మీ సైకిల్‌కే సరిపోతుంది, వాడి సైకిల్‌కు కాదు. కాబట్టి వాడు వెంట ఉన్నంతసేపూ ప్రతి స్టాప్ బోర్డు దగ్గర ఇద్దరూ ఆగండి, ఇద్దరి కాళ్లూ నేల మీద ఉండాలి. వాణ్ణే "ఎడమ ఖాళీ, ఎదురు ఖాళీ, కుడి ఖాళీ" అని పైకి చెప్పనివ్వండి. అప్పుడు పక్కపక్కనే కలిసి దాటండి. వాడి సైకిల్‌కు చేతి బ్రేకులు కాక, పెడల్ వెనక్కి తొక్కితే ఆగే బ్రేకు ఉందేమో కూడా చూడండి. చిన్నపిల్లల సైకిళ్లకు అమెరికాలో అది మామూలు. మీరు "బ్రేకు నొక్కు" అంటే వాడు ఏది చెయ్యాలో ముందే తెలిసి ఉండాలి.

శాన్‌హోసేకు వెళ్లాక ఇదంతా మర్చిపోవాలి. కాలిఫోర్నియాలో సైకిలిస్టుకు కారు నడిపేవాడికి ఉన్న హక్కులూ బాధ్యతలూ అన్నీ వర్తిస్తాయి, స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగాలి. అక్కడ సైకిలిస్టులు ఈ చట్టం కోసం గట్టిగానే పోరాడారు. 2015 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైకిళ్ల మీద పోలీసులు కేసులు పెంచబోతున్నారని తెలిసి, కొండలు తప్పించుకుంటూ వంకరటింకరగా సాగే 'విగిల్' అనే దారిలో జనం గుంపుగా వచ్చి నిరసన చేశారు. చట్టాన్ని మీరి కాదు, అక్షరాలా పాటించి. ఒక్కో సైకిల్ ఒక్కో స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగి, తన వరస వచ్చాకే కదిలింది. కాసేపట్లోనే ఆ వీధుల్లో కార్లన్నీ నిలిచిపోయాయి. ఆ డిసెంబరులో నగర సూపర్వైజర్ల బోర్డు, అంటే నగర పాలక మండలి, నెమ్మదించి జాగ్రత్తగా వెళ్లే సైకిళ్ల మీద కేసులకు పోలీసులు చివరి ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానం చేస్తే, 2016 జనవరిలో మేయర్ ఎడ్ లీ వీటో చేశాడు. 2021లో రాష్ట్ర శాసనసభ స్టాప్‌ను యీల్డ్‌గా మార్చే బిల్లు నెగ్గించినా గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం పెట్టలేదు. పిల్లలు బండ్ల వేగం అంచనా వెయ్యలేరన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. వాషింగ్టన్ అనుభవం చూశాక ఆ వీటో సరైందని నాకు అనిపించదు. పిల్లల మాట నిజమే అయినా దానికి కొలరాడోలా వయసు హద్దు పెడితే సరిపోయేది. కానీ నా అభిప్రాయం శాన్‌హోసే పోలీసుకు పనికిరాదు. అక్కడ స్టాప్ బోర్డు దాటిన సైకిలిస్టుకు పడే టికెట్, అంటే జరిమానా, అన్ని రుసుములూ కలిపి 200 డాలర్లు దాటుతుంది. ఇంకో సంగతి, 18 ఏళ్ల లోపు వాళ్లకు కాలిఫోర్నియాలో హెల్మెట్ తప్పనిసరి, మనవడి పెట్టెలో అది ఉండాలి. మీకు తప్పనిసరి కాకపోయినా పెట్టుకోండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువుల ఇంటికి వెళ్లినా ఇంతే, టెక్సస్‌లో, న్యూజెర్సీలో ఈ వెసులుబాటు లేదు. దారిలో ఒరెగాన్‌లో ఆగితే అక్కడ ఉంది. రాష్ట్రం మారితే రూలు మారుతుంది కాబట్టి, తెలియని ఊళ్లో పూర్తిగా ఆగడమే క్షేమం. అలా ఆగినందుకు ఏ రాష్ట్రంలోనూ టికెట్ ఇవ్వరు.

మీ అమ్మాయి భయం పోలీసుల గురించి. వాషింగ్టన్‌లో ఇలాంటి ట్రాఫిక్ ఉల్లంఘన నేరం కిందికి రాదు, జరిమానాతో పోయే తప్పు. అరెస్టులూ జైళ్లూ ఊహించుకుని సైకిల్ తాళం దాచాల్సిన పని లేదని నా మాటగా చెప్పండి. పోలీసు ఆపితే మాత్రం వెంటనే ఆగండి, దిగి నిలబడండి, చేతులు కనబడేలా ఉంచండి, పేరు అడిగితే చెప్పండి. భాష అడ్డమైతే అమ్మాయికి ఫోన్ చేస్తానని చెప్పి, ఆయన సరే అన్నాకే జేబులో చెయ్యి పెట్టండి. టికెట్ ఇస్తే అక్కడ వాదించకండి. గడువు లోపల కట్టడమో, కోర్టులో అభ్యంతరం చెప్పుకోవడమో చెయ్యాలి, పక్కన పడేస్తే చిన్నది పెద్దదవుతుంది. తర్వాత ఏ వీసా ఫారంలోనైనా దాని గురించి అడిగితే దాచకుండా రాయండి, అనుమానముంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

పోలీసుల కన్నా నేను భయపడేది ఆసుపత్రి బిల్లుకు. విజిటర్ ఇన్సూరెన్సు తీసుకునే వచ్చి ఉంటారు. ఆ పాలసీ కాగితాలు అల్లుడుగారి చేత ఈ రాత్రే చదివించండి. సైకిల్ మీంచి పడితే వర్తిస్తుందా, మొదట మీ జేబులోంచి ఎంత కట్టాలి, పైన ఎంతవరకు వాళ్లు భరిస్తారు, మీ వయసువాళ్లకు ఆ పరిమితి తగ్గిపోతుందా అన్నవి చూడాలి. పాలసీ నంబరు, అమ్మాయి ఫోన్ నంబరు, మీరు వాడే మందుల పేర్లు ఇంగ్లీషులో ఒక కార్డు మీద రాయించి, పాస్‌పోర్టు నకలుతో కలిపి చొక్కా జేబులో పెట్టుకోండి. అది చూపించి తాళం అడగండి, మీ అమ్మాయి ఇస్తుంది.